"గెట్" అనే క్రియ మూలం ఏది? తెలుగు వైపు నుంచి దాన్ని ఎట్ల పట్టుకోవాలి?

పెన్నగట్టు, అనంతపురం:

పదో తరగతి పిల్లలకైనా, డీఎస్సీకీ బ్యాంకు పరీక్షలకూ చదివేవాళ్లకైనా ఇంగ్లీషులో మాటిమాటికీ కాలికి తగిలే క్రియ "గెట్". నిఘంటువు తెరిస్తే "పొందు, సంపాదించు" అని ఉంటుంది. ఆ రెండు మాటలు పట్టుకొని వాక్యాల్లోకి దిగితే రెండో అడుగులోనే ఇరుక్కుంటాం. "ఐ గాట్ ఎ లెటర్" అంటే ఉత్తరం పొందాను, సరే. "ఐ గాట్ వెట్" అంటే తడిసిపోయాను. "ఐ గాట్ హోమ్ ఎట్ నైన్" అంటే తొమ్మిదికి ఇల్లు చేరాను. "ఐ గాట్ ద హౌస్ పెయింటెడ్" అంటే ఇంటికి రంగు వేయించాను. "ఐ డోంట్ గెట్ ఇట్" అంటే నాకు అర్థం కావడం లేదు. పొందడం, తడవడం, చేరడం, వేయించడం, అర్థం కావడం, వీటన్నిటికీ ఒకే మాట ఎట్ల సరిపోయింది?

తెలుసుకోవాలనుకునేవి మూడు. ఈ అర్థాలన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవేనా, లేక ఒకే రకంగా పలికే వేరువేరు మాటలా? తెలుగులో ఆలోచించే పిల్లవాడు ఇక్కడ "గెట్" వాడాలని గుర్తు పట్టడానికి తెలుగు వాక్యంలోనే ఏమైనా ఆనవాలు ఉంటుందా? మూడోది, "గాటన్" అని రాస్తే తప్పా ఒప్పా? బస్సు దిగడానికి మనం వాడే "గెట్ డౌన్" సంగతి కూడా ఎవరైనా తేల్చి చెప్పండి.


పాలకొండ నీడ, కడప:

వేరు ఒక్కటే అన్నా. "పొందు" అనే అర్థం తప్పు కాదు గానీ, దానికంటే ముందుది ఒకటి ఉంది: చేత్తో పట్టుకోవడం. అక్కడి నుంచి మొదలుపెడితే మిగతావన్నీ వరసగా వస్తాయి.

ఈ మాట ఇంగ్లండులో పుట్టలేదు. డెన్మార్క్, నార్వేల నుంచి పడవల్లో వచ్చిన వైకింగుల భాష పాత నార్స్. అందులో "గెటా" అనే క్రియ ఉండేది. 793లో ఇంగ్లండు తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకోవడంతో మొదలైన రాకపోకలు, తొమ్మిదో శతాబ్దం సగం దాటేసరికి ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాల్లో కాపురాలుగా మారాయి. పక్కపక్క చేలల్లో సేద్యం చేసుకుంటూ, పిల్లనిచ్చి పుచ్చుకుంటూ బతికినవాళ్ల మధ్య అరువు నడిచింది కాబట్టి వచ్చినవి ఎక్కువగా ఇంటి మాటలు: ఎగ్, నైఫ్, విండో, స్కిన్, టేక్. చివరికి "దే" అనే సర్వనామం కూడా అక్కడిదే. రాతలో "గెట్" కనిపించేది సుమారు 1200 నుంచి. ఐస్‌లాండు భాషలో "గెటా" నేటికీ బతికే ఉంది, అక్కడ దానికి "చేయగలుగు" అని అర్థం. పట్టు చిక్కితేనే కదా పని చేయగలిగేది.

పాత ఇంగ్లీషుకు దీని చుట్టమైన మాట సొంతంగా ఒకటి ఉండేది. అది ఒంటిగా వాడుకలో లేదు, వేరే ముక్కతో అతుక్కొని మాత్రమే ఉండేది. "ఫర్గెట్", "బిగెట్" (పిల్లల్ని కనడం) అట్లా మిగిలినవే. "ఫర్గెట్"లో ముందున్న "ఫర్"కు దూరం కావడం, తప్పిపోవడం అనే భావం ఉంది. అంటే పట్టు జారిపోవడం, మరిచిపోవడం. పిల్లలకు "గెట్", "ఫర్గెట్" రెండింటినీ పక్కపక్కన రాసి చూపిస్తే "గెట్" అంటే పట్టు అని మనసులో నిలబడిపోతుంది.

ఉచ్చారణ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "జెమ్, జెంటిల్, జర్మ్"లలో అదే "జి" అక్షరం జ అయింది కదా, "గెట్"లో గ ఎందుకు అని తెలివైన పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. "జెంటిల్" లాంటివి ఫ్రెంచి దారిలో వచ్చినవి, అందుకే జ. అసలు ఇంగ్లీషు మాటల్లో ఆ అక్షరం ఎ, ఇ ముందు మెత్తబడి యకారమైపోయింది. "ఫర్గెట్"ను కూడా పాతకాలంలో "ఫొర్‌యెటెన్" అనేవాళ్లు. "గెట్", "గివ్" రెండింట్లోనూ గట్టి గ నిలబడటానికి కారణం ఆ నార్స్ పలుకే.

ఇంకా వెనక్కి పోతే లాటిన్‌లో "ప్రెహెందెరె" ఉంది, పట్టుకొను అని. అదీ ఇదీ ఒకే పాత వేరు నుంచి వచ్చిన మాటలు. దాని పిల్లలు ఇంగ్లీషులో "అప్రిహెండ్", అంటే నిందితుణ్ని పట్టుకోవడం; "ప్రిజన్", పట్టినవాణ్ని పెట్టే చోటు; "కాంప్రిహెండ్", అర్థం చేసుకోవడం. పట్టుకోవడం నుంచి అర్థం చేసుకోవడానికి వచ్చిన ఈ దారి మనకు కొత్త కాదు. "గ్రహించు" అన్నామంటే సంస్కృతంలో అది కూడా పట్టుకోవడమే, పాణిగ్రహణంలో ఉన్నది ఆ మాటే. వేరు వేరే, నడిచిన బాట ఒక్కటే. "ఐ డోంట్ గెట్ ఇట్" అంటే విషయం నా పట్టుకు చిక్కలేదు అని.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, దీన్ని కొంచెం నిలబడి చూడాలి. ఇంగ్లీషు వాక్యంలో మనిషి ముందు నిలబడి వస్తువును పట్టుకుంటాడు. తెలుగులో మనిషి ఊరికే ఉంటాడు, వస్తువే నడిచి వస్తుంది. "నాకు జీతం వచ్చింది", "నాకు బస్సు దొరికింది", "నాకు ఉత్తరం అందింది". మన పక్క "పని చిక్కింది", "బస్సు చిక్కలేదు" అంటాం, కన్నడం వాళ్లు "సిక్కితు" అంటారు. చేప వలకు చిక్కినట్టు అది కూడా పట్టులో పడటమే, కాకపోతే చెప్పేది చేప వైపు నుంచి. కాబట్టి తెలుగులో "నాకు" అని మొదలై "వచ్చు, దొరుకు, చిక్కు, అందు, పడు" అనే క్రియతో వాక్యం ముగిస్తే, ఇంగ్లీషులో ఆ "నాకు" తీసి "ఐ" పెట్టి "గాట్" వేయవచ్చు. "ఐ గాట్ మై శాలరీ." పిల్లలు "శాలరీ కేమ్ టు మీ" అని రాసేది ఈ మలుపు తెలియకనే.

అయితే "నాకు" ఉన్న ప్రతిచోటా ఇది నడవదు. చివరి క్రియ చూడాలి. మార్పు చెప్పే క్రియ అయితే "గెట్", ఉన్న స్థితి చెబితే "బి" లేదా "హావ్". "ఆకలవుతోంది" అంటే "ఐ యామ్ గెటింగ్ హంగ్రీ", "ఆకలిగా ఉంది" అంటే "ఐ యామ్ హంగ్రీ". "కోపం వచ్చింది" అంటే "ఐ గాట్ యాంగ్రీ", "కోపంగా ఉంది" అంటే "ఐ యామ్ యాంగ్రీ". "నాకు ఇద్దరు పిల్లలు" అన్నచోట మార్పు లేదు, కాబట్టి "ఐ హావ్ టూ చిల్డ్రన్".

రెండు గుంతలున్నాయి, జాగ్రత్త. "నాకు తెలుగు వచ్చు"లోని వచ్చు రావడం కాదు, తెలిసి ఉండటం. అక్కడ "ఐ నో తెలుగు". రెండోది "అవు"తో వచ్చే మాట ఇంగ్లీషులో నామవాచకం అయినప్పుడు. "ముసలివాడయ్యాడు"కు "హి గాట్ ఓల్డ్" సరిపోతుంది, ఎందుకంటే "ఓల్డ్" విశేషణం. "డాక్టరయ్యాడు"కు "హి బికేమ్ ఎ డాక్టర్" అనే రాయాలి. "హి గాట్ ఎ డాక్టర్" అంటే పోయి డాక్టర్ని పిలుచుకొచ్చాడని అర్థం మారిపోతుంది.


హంద్రీ ఒడ్డు, కర్నూలు:

పైన వేరు గురించి బాగా చెప్పారు. ఎక్కువ మార్కులు పోయే చోటు ఇంకొకటి ఉంది, "ఇంచు" ఉన్న క్రియలు. కట్టు, కట్టించు. కుట్టు, కుట్టించు. కోయు, కోయించు. తెలుగులో రెండక్షరాలు చేర్చితే పని చేసేవాడు మారిపోతాడు. ఇంగ్లీషు క్రియకు అట్లాంటి తోక లేదు. ఆ పని చేసేది "గెట్", వాక్యంలో మాటల వరస.

"గెట్", ఆ వెనక వస్తువు, ఆ వెనక క్రియ మూడో రూపం. వరస ఇదే, మార్చకూడదు.

రవిక కుట్టించుకున్నాను: "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్."
గుండు కొట్టించుకున్నాడు: "హి గాట్ హిజ్ హెడ్ షేవ్డ్."
బండి రిపేరు చేయించాలి: "ఐ హావ్ టు గెట్ ద బైక్ రిపేర్డ్."

అనంతపురం అన్నకు బాగా పనికొచ్చే ఉదాహరణ బోరు. "చేనులో బోరు వేయించాము" అనే మాటను పిల్లలు "వి పుట్ ఎ బోర్" అని రాస్తారు. "వి డ్రిల్డ్ ఎ బోర్‌వెల్" అంటే యంత్రం మీరే నడిపినట్టు వినిపించే వీలుంది. "వి గాట్ ఎ బోర్‌వెల్ డ్రిల్డ్" అంటే బండిని పిలిపించి వేయించామని తేటగా తెలుస్తుంది. ఆ వెంటనే తెలుగులో "ఆరు నూర్ల అడుగులకు నీళ్లు పడ్డాయి" అంటాం. అక్కడ మళ్లీ పడు, మళ్లీ "గెట్": "వి గాట్ వాటర్ ఎట్ సిక్స్ హండ్రెడ్ ఫీట్." రెండు వాక్యాల్లో రెండు "గాట్"లు, ఒకటి వేయించు, ఒకటి పడు. నల్లబల్ల మీద రెండూ ఒకదాని కింద ఒకటి రాసి చూపించండి, అంతకు మించిన వివరణ అక్కర్లేదు.

వరస తప్పితే ఏమవుతుందో చూడండి. "కట్" అనే క్రియకు మూడు రూపాలూ ఒకటే. "ఐ కట్ మై హెయిర్" అంటే కత్తెర నా చేతిలోనే ఉంది. "ఐ గాట్ మై హెయిర్ కట్" అంటే మంగలి దగ్గర కత్తిరించుకున్నాను. "ఐ గాట్ కట్ మై హెయిర్" అని రాస్తే చదివేవాడు "ఐ గాట్ కట్" దగ్గర ఆగి, ఎక్కడో కోసుకున్నాడు అనుకుంటాడు, మిగతా రెండు మాటలు దేనికీ అతకవు. వస్తువు మధ్యలోనే కూర్చోవాలి.

ఎవరి చేత చేయించామో కూడా చెప్పాలంటే మనిషి పేరు మధ్యలోకి వస్తుంది, అప్పుడు "టు" తప్పదు: "ఐ గాట్ ద మేసన్ టు ప్లాస్టర్ ద వాల్." ఇదే అర్థానికి దగ్గరగా "హావ్", "మేక్" ఉన్నాయి, వాటికి "టు" పెట్టకూడదు: "ఐ హాడ్ ద మేసన్ ప్లాస్టర్ ద వాల్", "ఐ మేడ్ ద మేసన్ ప్లాస్టర్ ద వాల్". పరీక్షల్లో తప్పు కనిపెట్టమని ఇచ్చే వాక్యాల్లో ఈ "టు" మీదనే మెలిక పెడతారు. అర్థంలో తేడా కూడా సన్నంగా ఉంది. ఒప్పించి, నచ్చజెప్పి చేయిస్తే "గెట్". కూలి మాట్లాడి పురమాయిస్తే "హావ్". ఇష్టం లేకున్నా పట్టుబట్టి చేయిస్తే "మేక్". తెలుగులో మూడింటికీ "చేయించాను" ఒక్కటే కాబట్టి, ముందు ఎట్ల చేయించారో అడగండి, క్రియ దానంతట అదే తేలుతుంది.


పెన్నగట్టు, అనంతపురం:

బోరు ఉదాహరణ చాలా బాగుందన్నా, రేపే వాడతాను. ఒక్కటి అడగాలి. "నా బ్యాగు పోగొట్టుకున్నాను, ఎవరో ఎత్తుకుపోయారు" అనేదాన్ని "ఐ గాట్ మై బ్యాగ్ స్టోలెన్" అని రాస్తుంటారు. మీరు చెప్పిన వరసే కదా, సరైనదేనా?


హంద్రీ ఒడ్డు, కర్నూలు:

వరస సరిగ్గానే ఉంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. ఆ వరసకు మొదట తట్టే అర్థం "చేయించాను" అని. అప్పుడు "నా బ్యాగును నేనే దొంగతనం చేయించాను" అని కూడా చదవవచ్చు. "ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్" అంటే మాత్రం తలుపులో వేలు ఇరుక్కుందనే అనుకుంటారు, వేలు ఎవరూ కావాలని ఇరికించుకోరు కాబట్టి. దొంగతనం దగ్గర ఆ భరోసా లేదు. పోలీసు ఫిర్యాదులో ఇట్లాంటి వాక్యం అసలు రాయకూడదు. బ్యాగును ముందు పెట్టండి: "మై బ్యాగ్ గాట్ స్టోలెన్." ఫిర్యాదు కాగితంలో అయితే "మై బ్యాగ్ వాజ్ స్టోలెన్."

ఈ రెండో "గాట్" కర్మణి వాక్యానికి వచ్చే "గాట్". మాటల్లో "వాజ్" బదులు నిలబడుతుంది, జరిగిన సంఘటన మీద, ముఖ్యంగా అనుకోకుండా జరిగినదాని మీద బాగా కుదురుతుంది. "ద గ్లాస్ గాట్ బ్రోకెన్", "హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్ టు నంద్యాల". కొండారెడ్డి బురుజు కట్టించడం లాంటి చరిత్ర చెప్పేటప్పుడు "గాట్ బిల్ట్" అనకూడదు, "వాజ్ బిల్ట్" అనాలి. తెలియడం, చూడటం లాంటి క్రియలతో కూడా పొసగదు. "ద రిజల్ట్ గాట్ నోన్" అని ఎవరూ అనరు.


గుత్తి కోట, అనంతపురం జిల్లా:

"గెట్ డౌన్" సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, నేను చెబుతాను. "గెట్ డౌన్" అనేది ఇంగ్లీషులో ఉన్న మాటే. చెట్టు మీద నుంచి, మిద్దె మీద నుంచి, నిచ్చెన మీద నుంచి కిందికి దిగడానికి అది సరిగ్గా సరిపోతుంది, "గెట్ డౌన్ ఫ్రమ్ ద ట్రీ". బస్సు దగ్గర మాత్రం ఇంగ్లండు, అమెరికాల్లో దాన్ని వాడరు. మనకు చెట్టు దిగినా బస్సు దిగినా క్రియ ఒకటే కాబట్టి ఇది వచ్చింది. కండక్టరు "దిగండి, దిగండి" అంటాడు, మనం "గెట్ డౌన్" అంటాం.

వాహనాలకు ఒక తేలిక గుర్తు ఉంది. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే "ఆన్, ఆఫ్": బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి దూరి కూర్చోవాల్సి వస్తే "ఇన్, ఔట్": కారు, ఆటో. కాళ్లు చెరో పక్క వేసి పైన కూర్చునేవాటికి మళ్లీ "ఆన్, ఆఫ్": మోటారు సైకిలు, గుర్రం. కాబట్టి "ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ కర్నూల్ అండ్ గాట్ ఇంటు ఎన్ ఆటో". ఆటో దిగేటప్పుడు "గాట్ ఔట్ ఆఫ్ ద ఆటో", ఇక్కడ "ఔట్" తర్వాత వచ్చే, ఒకే ఎఫ్ ఉన్న "ఆఫ్" అనే ముక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఊరు చేరడం గురించి. "గెట్" తర్వాత ఊరి పేరు వస్తే "టు" కావాలి, "ఐ గాట్ టు కడప బై టెన్". ఇల్లు, ఇక్కడ, అక్కడ అనే మాటలకు అక్కర్లేదు, "ఐ గాట్ హోమ్", "ఐ గాట్ హియర్". దీని పక్కనే "రీచ్" ఉంది, దానికి ఎప్పుడూ "టు" ఉండదు. పిల్లలు ఒకదాని "టు" తీసి ఇంకోదానికి తగిలిస్తారు. "రీచ్డ్ టు కడప" తప్పు, "గాట్ కడప" కూడా తప్పే. రెండూ ఒకే రోజు చెప్పాలి, లేకపోతే కలిసిపోతాయి.

ఇంకొకటి "ఐ గాట్ టు నో". "ఆయన ఊళ్లో లేడని నాకు తెలిసింది" అనేదాన్ని మనవాళ్లు "ఐ గాట్ టు నో దట్ హి ఈజ్ అవుట్ ఆఫ్ టౌన్" అంటారు. "నాకు", "తెలిసింది" రెండూ ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన ఆనవాలు లెక్కన సరే అనిపిస్తుంది. కానీ "గెట్ టు నో"కు మనుషులతో మెల్లమెల్లగా పరిచయం పెరగడం అనే అర్థం స్థిరపడిపోయింది: "వి గాట్ టు నో అవర్ నేబర్స్". ఒక సమాచారం తెలియడానికి "ఐ ఫౌండ్ ఔట్", "ఐ కేమ్ టు నో", రాతలో "ఐ లెర్న్‌ట్".

"గాటన్" తప్పు కాదు. అది పాత మూడో రూపమే. ఇంగ్లండు దాన్ని వదిలేసి "గాట్"తో సరిపెట్టుకుంది, అమెరికా ఉంచుకుంది. "ఫర్గాటన్"లో అది రెండు దేశాల్లోనూ బతికే ఉంది, అన్యాయార్జితానికి వాడే "ఇల్ గాటన్"లో కూడా. అమెరికా వాడుకలో ఒక చక్కని తేడా ఉంది. "ఐ హావ్ గాట్ ఎ జాబ్" అంటే నాకు ఉద్యోగం ఉంది, "ఐ హావ్ గాటన్ ఎ జాబ్" అంటే ఉద్యోగం వచ్చింది. మన పాఠాలు బ్రిటిష్ వాడుక మీద నడుస్తున్నాయి కాబట్టి పరీక్షలో "గాట్" రాయించండి. ఎవరైనా "గాటన్" రాస్తే, అది ఏ దేశపు వాడుకో చెప్పి వదిలేయండి, తప్పని మాత్రం కొట్టేయకండి.


కేసీ కాలువ, కడప జిల్లా:

అందరూ "గెట్" ఎక్కడ వాడాలో చెబుతున్నారు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు "గెట్" కనిపిస్తే గీత పడుతుందని, వ్యాసాల్లో, ఉత్తరాల్లో అసలు వాడొద్దని చాలాచోట్ల చెబుతారు. దానికేమంటారు?


పాలకొండ నీడ, కడప:

"గెట్" తప్పు మాట కాదమ్మా, ఇంటి మాట. ఇంట్లో "ఉత్తరం వచ్చింది" అంటాం, కచేరీ కాగితంలో "తమరి లేఖ అందినది" అంటాం. ఇంగ్లీషులో ఆ తేడా ఇంకా గట్టిగా ఉంది. 1066లో నార్మన్లు గెలిచాక దర్బారు, కోర్టు, పన్నుల లెక్కలు ఫ్రెంచి మాటలతో నిండిపోయాయి. "రిసీవ్", "అబ్‌టెయిన్" ఆ దారిలో వచ్చినవే. పొలం దగ్గరి మాట పొలం దగ్గర ఉండిపోయింది, కోర్టు మాట కాగితం మీదికెక్కింది.

కాబట్టి అర్జీలో మార్చాల్సింది ఇట్లా మార్చాలి. వచ్చి అందినదానికి "రిసీవ్", ప్రయత్నించి తెచ్చుకున్నదానికి "అబ్‌టెయిన్", అయినదానికి "బికమ్", చేరినదానికి "రీచ్" లేదా "అరైవ్", అర్థమైనదానికి "అండర్‌స్టాండ్". "నాకు ఇంకా హాల్ టికెట్ రాలేదు" అని రాయాలంటే "ఐ హావ్ నాట్ రిసీవ్డ్ మై హాల్ టికెట్ యెట్". ఇక్కడ "డిడ్ నాట్ గెట్ యెట్" అనే రాతలో ఇంటి మాట కంటే పెద్ద లోపం కాలానిది. "ఇంకా" ఉన్నప్పుడు "హావ్" రావాలి. కులధ్రువీకరణ పత్రం తహసీల్దారు దగ్గర తెచ్చుకుంటే "ఐ అబ్‌టెయిన్డ్ ద సర్టిఫికెట్", పోస్టులో వస్తే "ఐ రిసీవ్డ్ ద సర్టిఫికెట్". ఏ మాట వేయాలో కాళ్లరిగేలా తిరిగింది ఎవరో చూస్తే తెలుస్తుంది.

సంభాషణ రాయమన్నప్పుడు, స్నేహితుడికి ఉత్తరం రాయమన్నప్పుడు మాత్రం "గెట్" ఉండాలి. అక్కడ "అబ్‌టెయిన్" పెట్టి రాస్తే తమ్ముడితో "నీ లేఖ స్వీకరించడమైనది" అన్నట్టు ఉంటుంది.

బ్రౌన్ దొర 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చాడు. తర్వాత ఆయన కట్టిన తెలుగు నిఘంటువులో మాట పక్కన అర్థం పెట్టి ఊరుకోకుండా వాడుక వాక్యాలు కూడా ఎత్తి చూపాడు. "గెట్"కు కూడా ఆ పద్ధతే పనికొస్తుంది. "పొందు" అని ఒక్క అర్థం రాసివ్వకుండా, పైన ఇచ్చినట్టు తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు వాక్యం, రెంటిలోనూ క్రియ కింద గీత.


హంద్రీ ఒడ్డు, కర్నూలు:

ఒకటి మిగిలిపోయింది. "పడు" గురించి పైన రెండు చోట్ల వచ్చింది. చీకటి పడుతోంది, "ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్". భయపడ్డాను, "ఐ గాట్ స్కేర్డ్". ఖాతాలో డబ్బులు పడ్డాయి, "ఐ గాట్ ద మనీ". "పడు"కూ "గెట్"కూ ఇంత దగ్గర చుట్టరికం ఉంది కాబట్టి "అలవాటు పడు" కూడా చెప్పేయాలి, పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.

"ఐ యూజ్డ్ టు డ్రైవ్ ఎట్ నైట్" అంటే రాత్రిపూట నడిపేవాణ్ని, ఇప్పుడు లేదు. "ఐ గాట్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఎట్ నైట్" అంటే రాత్రిపూట నడపడానికి అలవాటు పడ్డాను. మొదటి దాంట్లో "టు" తర్వాత క్రియ మొదటి రూపం. రెండో దాంట్లో "టు" తర్వాత "ఇంగ్" చేరిన రూపం, లేదా నామవాచకం: "ఐ గాట్ యూజ్డ్ టు ద హీట్". రెండో "టు" మన "కు" లాంటిది, ఎండకు అలవాటు పడ్డాను, నడపడానికి అలవాటు పడ్డాను. తెలుగులో "కు" ఉంటే "ఇంగ్" పెట్టమని చెప్పండి. "తినేవాణ్ని, పోయేవాణ్ని" అని ఉంటే "గాట్" తీసేయమనండి. అలవాటు ఇంకా పూర్తి కాలేదు అనడానికి "ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ఇట్", పూర్తయిపోయి ఉంటే "ఐ యామ్ యూజ్డ్ టు ఇట్". ఆకలవుతోంది, ఆకలిగా ఉంది అని పైన చెప్పిన తేడానే ఇక్కడా నడుస్తుంది.